గృహక్రయమునకు ముందు గృహపరీక్ష

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిరి గాని, “ఇల్లు కొని చూడు” అని చెప్పలేదు. ఈ సామెత పుట్టిన కాలమున గృహస్థునకు ఇల్లనగా కట్టించుకొనునదే. పునాది త్రవ్వినది మొదలు గృహప్రవేశము వరకు యజమాని అచ్చటనే తిరుగుచుండెడివాడు. సున్నము ఎన్ని దినములు నానినదో, ఇటుక చక్కగా కాలినదో లేదో, దూలమునకు చేవ గలదో లేదో అతడు కన్నులార చూచెడివాడు. సామెతలో ధ్వనించు కష్టమంతయు ఆ తెలివికై అతడు చెల్లించిన వెల యని చెప్పవచ్చును.

నేడు పట్టణములయందు అనేకులు పరులు కట్టిన యిండ్లను కొనుచున్నారు. కష్టము తగ్గినది, దానితోడనే తెలివియు తగ్గినది. కొనబోవువాడు దస్తావేజులను వకీలునకు చూపును. పూర్వపు క్రయపత్రములను వరుసగా పేర్చి చూచును. రిజిస్ట్రారు కచేరినుండి ఇన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తెప్పించుకొనును. ఇంతవరకు మంచిదే. కాని ఇంటిని మాత్రము ఒక సాయంకాలము, క్రొత్తగా వెల్లవేసిన గోడలనడుమ, పావుగంట తిరిగి చూచి బయానా ఇచ్చివేయును. బండివానివద్ద వంకాయను త్రిప్పి త్రిప్పి చూచి కొను మనము, ఇరువది యేండ్ల సంపాదనను ధారపోసి కొను ఇంటిని అంతకంటె తక్కువగా చూచుట వింత కాదా?

పత్రపరీక్ష వేరు, గృహపరీక్ష వేరు. మొదటిది ఇల్లెవరిదో చెప్పును. రెండవది ఇల్లెట్టిదో చెప్పును. ఒకటి రెండవదానికి బదులు కాజాలదు. ఈ రెండవ పరీక్ష యెట్లు పుట్టినది, ఎవరి కన్నులతో జరిగినది, ఎవరి మేలుకొరకు జరిగినది అను చరిత్రమును విచారించినచో నేటి గృహస్థునకు ఉపయోగించు పాఠ మొకటి తేటపడగలదు.

మన ప్రాచీనులు పరీక్ష నెరుగనివారు కారు. వరాహమిహిరుడు బృహత్సంహితలోని వాస్తువిద్యాధ్యాయమున భూపరీక్షను విధించెను. ఇల్లు కట్టదలచినచోట మూరెడు గొయ్యి త్రవ్వి, ఆ మన్నుతోనే దానిని మరల పూడ్చవలెను. మన్ను మిగిలినచో నేల మంచిది; సరిపోయినచో మధ్యమము; చాలకపోయినచో విడువదగినది. గోతిని నీటితో నింపి, నూరడుగులు నడచిపోయి తిరిగివచ్చి చూడవలెననియు, నీరు తగ్గకున్నచో నేల శ్రేష్ఠమనియు నింకొక పరీక్ష. వదులైన నేల మన్నును మ్రింగును, గుల్లనేల నీటిని పీల్చును. పునాదికి ఏ నేల తగునో తెలిసికొనుటకు ఇంత సులభమైన ఉపాయము మరొకటి లేదు. నేటి ఇంజనీరులు యంత్రములతో చేయునదియు దీనికి విస్తారమే.

ఇక కౌటిల్యుడు అర్థశాస్త్రములోని ధర్మస్థీయాధికరణమున వాస్తువిక్రయమునకు విధి చెప్పెను. కొనుటకు మొదట జ్ఞాతులకును, తరువాత ఇరుగుపొరుగువారికిని, తరువాత ఋణదాతలకును హక్కు. అమ్మదలచిన ఇంటిని ఆ యింటి యెదుటనే, నలువది పొరుగు కుటుంబములవారు వినుచుండగా, చాటవలెను. ఎల్లలను ఉన్నవున్నట్లు ప్రకటింపవలెను. “ఈ వెలకు కొనువారెవరు?” అని ముమ్మారు పిలువవలెను. ఎవ్వరును అడ్డు చెప్పనిచో కొనువాడు కొనవచ్చును. రహస్యముగా అమ్ముట, ఒకరి యింటిని మరియొకరు అమ్ముట, ఎల్లలను తారుమారు చేయుట అను మోసములకు ఇది మంచి మందు.

కాని చదువరులు ఒక విషయమును గమనింపవలెను. వరాహమిహిరుని పరీక్ష కట్టుటకు ముందు నేలకు. కౌటిల్యుని పరీక్ష అమ్ముటకు ముందు హక్కునకు. కట్టియున్న ఇంటి గోడను, కప్పును కొనువాని పక్షమున చూచు పరీక్ష ఈ రెంటిలోను లేదు. దాని యవసరము అప్పటికి అంతగా కలిగియుండదు. కట్టినవాడే కాపురముండునప్పుడు ఇల్లు తన లోపమును యజమానికి దాచదు. ఇల్లు అంగడి సరకైన నాడే, కట్టువా డొకడు కాపురముండువాడు వేరొకడు అయిన నాడే, ఆ యవసరము పుట్టినది. ఆ మార్పు మిక్కిలి స్పష్టముగా కనబడునది లండను నగరమున.

1666వ సంవత్సరపు మహాగ్నిలో లండనునందు సుమారు 13,200 ఇండ్లు దగ్ధమయ్యెను. మరుసటి యేడు పార్లమెంటు పునర్నిర్మాణశాసనము చేసి, ఇండ్లను నాలుగు తరగతులుగా విభజించి, ఇటుకతోగాని రాతితోగాని కట్టవలెననియు, గోడలు ఇంత మందముండవలెననియు నిర్ణయించెను. నగరమువారు సర్వేయరులను నియమించిరి. వారిలో నొకడు భౌతికశాస్త్రమున ప్రసిద్ధుడైన రాబర్టు హుక్కు. యజమాని శిథిలములను తొలగించి, రుసుము చెల్లించి, రసీదు చూపినచో సర్వేయరు వచ్చి పునాది హద్దులకు మేకులు నాటి ధ్రువపత్ర మిచ్చెడివాడు. ఇది నగరముకొరకు జరిగిన పరీక్ష. వీథి వంకరపోకూడదు, నిప్పు మరల వ్యాపింపకూడదు అనునది దాని యుద్దేశము. కాపురముండువాని సుఖము దానికి గౌణము.

ఆ బూడిదనుండియే క్రొత్త వర్తకుడొకడు లేచెను. అతడు నికోలసు బార్బను వంటివాడు. తనకొరకు గాక, అమ్మకముకొరకే వీథులకు వీథులు కట్టించెను. ఇట్టివారు లాభము చూచుకొని త్వరగా కట్టుటయు, త్వరగా అమ్ముటయు అలవాటయ్యెను. ఆంగ్లేయ ధర్మశాస్త్రము మాత్రము కొనువానికి ఒకే మాట చెప్పెను: “కొనువాడా, నీవే జాగ్రత్తపడుము.” కట్టి ముగించిన ఇంటిని అమ్మినప్పుడు, అది నివాసయోగ్యమను హామీ చట్టమువలన తనంత తాను ఏర్పడదు. అమ్మువాడు అబద్ధమాడకుండుట చాలును. నిజము చెప్పవలసిన పని లేదు.

ఈ చల్లని సూత్రమే ఒక వృత్తికి వేడి కల్పించినది. జాగ్రత్తపడుట తనకు చేతకానివాడు చేతనైనవానికి కూలి యిచ్చి చూపించుకొనవలసివచ్చెను. 1868లో లండనునందు సర్వేయరుల సంస్థ ఏర్పడెను. దాని మొదటి యధ్యక్షుడు జాన్ క్లటను. 1881లో దానికి రాజశాసనము లభించెను. పెద్ద యెస్టేటులు, రైల్వేలకు కావలసిన నేలలు, ధనికుల మేడలు వీరి చేతిలో నుండెను. సామాన్యునకు ఇల్లు కొను యోగమే లేదు గనుక అతనికి సర్వేయరుతో పనియు లేకుండెను.

ఆ యోగము రెండు ప్రపంచయుద్ధముల నడుమ వచ్చెను. ఆ యిరువది యేండ్లలో బ్రిటనునందు సుమారు 40 లక్షల క్రొత్త యిండ్లు లేచెను. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, బండ్లు నడపువారు మొదలైన మధ్యతరగతివారు బిల్డింగు సొసైటీలనెడు ఋణసంఘములవద్ద అప్పు తెచ్చి, నెలవాయిదాలతో ఇండ్లు కొనిరి. సంఘము అప్పిచ్చుటకు ముందు తన సర్వేయరును పంపి ఇంటిని చూపించుకొనును. ఇచ్చటనే సామాన్యుడు మోసపోయెను. “అంత పెద్ద సంఘము చూచి, సొమ్ము పెట్టుచున్నది గదా! ఇల్లు బాగున్నట్లే” అని యతడు నిశ్చింతగా సంతకము చేసెను.

ఇట్లు నమ్మినవారిలో ఎల్సీ బోర్డర్సు అను గృహిణి చరిత్రమున నిలిచినది. ఆమె భర్త లండనులో అద్దెకారు నడపువాడు. ఆ దంపతులు 1934లో కెంటు మండలమందలి వెస్టు విక్‌హామువద్ద, కోనీహాలు అను క్రొత్త పేటలో ఇల్లు కొనిరి. కొలది కాలములోనే కప్పు కారెను, గోడలు చెమ్మగిల్లెను, కొయ్యకు పురుగు పట్టెను, విద్యుత్తు తీగెల యమరిక చెడ్డదని తేలెను. బాగుచేయుమని అడిగినను ఫలము లేకపోగా 1937లో ఆమె వాయిదాలు కట్టుట మానెను. సంఘము ఇంటి స్వాధీనముకై దావా వేసెను. ఆమె ఎదురుదావా వేసి, వకీలు లేకుండ, 1938 జనవరిలో ఉన్నతన్యాయస్థానమున స్వయముగా వాదించెను. ఆనాటి పత్రికలు ఆమెను షేక్స్పియరు నాటకమందలి పోర్షియాతో పోల్చినవి.

ఆమె వాదమునకు మూలమైనది ఒక రహస్యము. ఆ కాలమున కట్టువారు సంఘములవద్ద కొంత సొమ్ము హామీగా ఉంచుచుండిరి. ఆ హామీ యున్నందున, సంఘములు సాధారణముగా ఇచ్చుదానికంటె ఎక్కువ అప్పును కొనువారికి ఇచ్చుచుండిరి. అనగా సంఘమునకు ఇంటి గట్టితనముకంటె కట్టువాని హామీయే అండగానుండెను. కొనువానికి ఈ సంగతి తెలియదు. ఎక్కువ అప్పు దొరకుట ఇంటి మంచితనమునకు గుర్తు అని యతడు భ్రమపడెను. ఎల్సీ బోర్డర్సు ఈ భ్రమనే న్యాయస్థానము నెదుట బట్టబయలు చేసెను. లండను పొలిమేర పేటలలో అనేక కుటుంబములు ఆమె ననుసరించి వాయిదాల సమ్మె చేసిరి.

ఫలిత మేమి? సంఘము తన స్వాధీనపు దావాను నెగ్గలేకపోయెను. ఆమె ఎదురుదావా మొదట ఓడినను, అప్పీలు కోర్టు కొంతవరకు ఆమె పక్షమున పలికెను. కాని తుదకు 1941లో ప్రభువుల సభ, సంఘము మోసపుమాట చెప్పినట్లు ఋజువు కాలేదని ఆమెకు వ్యతిరేకముగా తీర్పుచెప్పెను. అయినను ఆమె శ్రమ వ్యర్థము కాలేదు. హామీసొమ్ముల పద్ధతిని అదుపులో పెట్టుటకు 1939లోనే పార్లమెంటు బిల్డింగు సొసైటీల చట్టము చేసెను. వ్యాజ్యములో ఓడి దేశమును మేల్కొల్పిన ఆ యిల్లాలి ధైర్యము మెచ్చదగినది. ఇంటిలో దివారాత్రములు మెలగునది స్త్రీ. పొయ్యిమీది గోడ చెమ్మను, వానకు తడియు మూలను ముందుగా కనిపెట్టునది ఆమెయే. అట్టి ఆమెను సంప్రదింపక ఇల్లు కొను పురుషులు ఈ కథను రెండుమారులు చదువవలెను.

ఈ కథ యిచ్చిన పాఠము నేర్చుటకు ఇంగ్లండునకు మరి నలువది యేండ్లు పట్టెను. 1981లో లండను ఉన్నతన్యాయస్థానమునకు వచ్చిన ఒక వ్యాజ్యమున 15,000 పౌనులకు కొన్న యింటిని బాగుచేయుటకు 18,000 పౌనులు కావలసివచ్చినట్లు తేలెను. తనకొరకు ప్రత్యేకముగా సర్వేయరును పెట్టుకొనువారు కొనువారిలో నూటికి పదునైదుగురికంటె తక్కువ యని ఆ విచారణలోనే సాక్ష్యము వచ్చెను. తక్కినవారందరు ఋణసంఘపు పరీక్షనే నమ్ముచుండిరి. ఇది తెలిసియే పరీక్షించువాడు కొనువానిపట్ల గూడ బాధ్యుడని న్యాయాధిపతి తీర్పుచెప్పెను.

1989లో ప్రభువుల సభ ఈ న్యాయమును స్థిరపరచెను. ఆ వ్యాజ్యమున ఇల్లు కొన్నది సామాన్యురాలైన ఒక స్త్రీ. ఋణసంఘము పంపిన సర్వేయరు అవసరమైన మరమ్మతు లేవియు లేవని వ్రాసెను. దానిని నమ్మి ఆమె కొనెను. ఆ యింటిలో పూర్వ మెవరో పొయ్యిగూడు గోడను తీసివేసి, పైనున్న పొగగొట్టమును ఆధారము లేకుండ వదలిరి. పైయంతస్తులో గూడు తీసివేయబడుట చూచిన పరీక్షకుడు, అటుకెక్కి పైభాగమునకు ఊత యున్నదా యని చూడలేదు. సుమారు ఏడాదిన్నరకు ఇటుకలు కూలి, కప్పును చీల్చుకొని పడకగదిలో పడెను. “ఈ పరీక్షకు మేము బాధ్యులము కాము” అని కాగితముపై ముందే వ్రాసియుంచినను, అట్టి వ్రాత సామాన్య గృహముల విషయమున న్యాయసమ్మతము కాదని సభ నిర్ణయించెను. ఆ స్త్రీకి నష్టపరిహారము దొరకెను. కాని చదువరులు ఆలోచింపవలెను: ఆ సర్వేయరు అటుకెక్కి తొంగిచూచుటకు పట్టు కాలము కొన్ని నిమిషములు, న్యాయము దొరకుటకు పట్టినవి అనేక వత్సరములు. ఇటుకలు పడినవేళ ఆ మంచముపై ఎవరైన నిద్రించుచున్నచో ఏ సభ తీర్పు వారిని బ్రతికింపగలదు?

తరువాత ప్రభుత్వములును పూనుకొనెను. స్కాట్లండులో 2008 డిసెంబరు 1 మొదలుకొని, అమ్మువాడే సర్వేయరు నివేదికను సిద్ధపరచి కొనువారికి చూపవలెనను నియమము వచ్చెను. ఇంగ్లండులో 2007లో అమ్మకపు పత్రములపెట్టె నొకదానిని నిర్బంధము చేసిరి గాని, ఇంటి స్థితిని తెలుపు నివేదికను అందులో నిర్బంధము చేయక ఐచ్ఛికముగా వదలిరి. ప్రాణము తీసి దేహము నిలిపినట్లయిన ఆ పద్ధతిని 2010 మేలో ఆపివేసిరి. కాబట్టి నేటికిని ఇంగ్లండులో కొనువాని జాగ్రత్తయే కొనువానికి రక్ష. అక్కడి సర్వేయరుల సంస్థ 2021 మార్చినుండి గృహపరీక్షను మూడు మెట్లుగా ఏర్పరచెను. క్రొత్తదై సాధారణమైన ఇంటికి మొదటిది చాలును. పాతదై మార్పులు పొందిన ఇంటికి మూడవది కావలెను.

ఇక మన దేశమునకు వత్తము. మనకు సర్వే క్రొత్త కాదు. మన్రో దొర 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు కలెక్టరుగానుండి పొలములను కొలిపించెను. తరువాత అరువదియారడుగుల గొలుసు ఊరూర తిరిగినది. కోస్తాలో సెంట్లు, తెలంగాణములో గుంటలు లెక్కకు వచ్చినవి. మదరాసు రాజధానిలో 1923లో సర్వే సరిహద్దుల చట్టము వచ్చినది. కాని ఈ సర్వేయంతయు శిస్తుకొరకును, హద్దుకొరకును పుట్టినది. అందువలననే మనవారికి “సర్వే” యనగా గొలుసు పట్టుటయు, రాయి పాతుటయునే. రాతికిని రాతికిని నడుమనున్న ఇంటి యారోగ్యమును చూచుట కూడ సర్వే యను భావము మనకు ఇంకను అలవడలేదు.

చట్టము కూడ అంతవరకే వచ్చి ఆగినది. 1882 నాటి ఆస్తిబదలాయింపు చట్టమునందలి 55వ విభాగము, అమ్మువాడు తనకు తెలిసినదియు, కొనువాడు సామాన్యమైన జాగ్రత్తతో కనుగొనజాలనిదియునగు ముఖ్యలోపమును చెప్పితీరవలెననుచున్నది. ఇది ఆంగ్లసూత్రముకంటె కొంత దయగలది. కాని దీని రెండవ ముఖమును చూడవలెను. జాగ్రత్తతో కనుగొనదగిన లోపమును కొనువాడే కనుగొనవలెను. తరువాత ఏడ్చినను చెల్లదు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము, క్రొత్తయింటిని స్వాధీనపరచిన అయిదేండ్లలోపల నిర్మాణలోపము కనబడినచో కట్టినవాడే, తెలిపిన ముప్పది దినములలో, ఉచితముగా సరిచేయవలెనని విధించినది. ఇది మేలైన విధియే. కాని ఒకరు కాపురముండి మరియొకరికి అమ్మెడు పాత ఇండ్లకు ఈ రక్ష లేదు.

అనుమతిపత్రము గోడను నిలబెట్టదనుటకు దృష్టాంతము వెదుకుటకు దూరము పోనక్కరలేదు. 2014 జూన్ 28న చెన్నపట్టణపు పొలిమేరయందలి మౌలివాక్కమున, కట్టుచున్న పదునొకండంతస్తుల భవనము కూలి 61 మంది మరణించిరి. వారిలో శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి పొట్టకూటికై పోయిన కూలీలు అనేకులు. ఆ కట్టడమునకు అనుమతి యుండెను. అందు ఇండ్లు కొనుటకు సొమ్ము కట్టిన గృహస్థులుండిరి. ప్రక్కనున్న రెండవ భవనమును 2016 నవంబరు 2న ప్రేలుడుమందులతో కూల్చివేయవలసివచ్చెను. కాగితములన్నియు సరిగానున్నను నేలయు, స్తంభములును సరిగానున్నవా యని యడుగు కన్ను ఒకటి వేరుగా కావలెనని ఆ శిథిలములు చాటుచున్నవి.

నేడు మనలో ఇల్లు కొనువాడు బ్యాంకు ఋణమును పొందునప్పుడు బ్యాంకు తన వకీలును, తన విలువకట్టువానిని పంపును. “బ్యాంకువారే చూచిరి” అని మనమును నిశ్చింతపడుదుము. ఇది కోనీహాలు పేటలోని నిశ్చింతయే. బ్యాంకు పంపినవాడు చూచునది ఒక్కటే: అప్పు తీరకున్నచో ఈ యాస్తి నమ్మి సొమ్ము రాబట్టుకొనవచ్చునా? స్నానపుగది క్రింది శ్లాబులో చువ్వలు త్రుప్పుపట్టినను బ్యాంకు సొమ్మునకు వెంటనే ముప్పు రాదు. ఎందుకనగా అప్పు ఇంటిపైననే గాక నీ జీతముపైన గూడ నున్నది. దళారి ఇల్లు అమ్ముడుపోవుటను చూచును. అమ్మువాడు వెలను చూచును. వీరెవ్వరును దుష్టులు కానక్కరలేదు. వీరి కన్నులు వీరి పనిలో నున్నవి. ఎవడు కూలి యిచ్చునో పరీక్షకుని కన్ను వానిది. మూడువందల యేండ్ల ఆంగ్లచరిత్రము చెప్పు మాట యింతే. కావున కొనువాడు తన సొమ్ముతో, తనకు మాత్రమే జవాబుదారియైన, అమ్మువానితో గాని దళారితో గాని సంబంధము లేని నిర్మాణపు ఇంజనీరు నొకనిని నియమించుకొనవలెను. బయానా ఇచ్చుటకు ముందే నియమింపవలెను. ఇచ్చిన తరువాత పరీక్షించుట పెండ్లియైన పిమ్మట వరుని గుణములు విచారించుట వంటిది.

అతడు చూడవలసినవి గూఢమైనవి కావు. గోడలోని బీట పూతవరకే యున్నదా, ఇటుకలోనికి పోయినదా? వాకిండ్ల మూలలనుండి ఏటవాలుగా పోవు బీటలు పునాది కదలికకు గుర్తులు. నల్లరేగడి నేలలో వేసవి యెండకు నేల ముడుచుకొని వానకు ఉబ్బును గనుక అక్కడ ఈ శంక ఎక్కువ. శ్లాబు క్రింద పెచ్చులూడి చువ్వలు కనబడుచున్నవా? కప్పుమీద నీరు నిలుచునా? గోడ యడుగున చెమ్మ యెంత యెత్తు పాకినది? తలుపుచట్రములను చెదలు తినెనా? వెనుకటివారు గదులను కలుపుటకై గోడ నెచ్చటనైన తీసిరా? అనుమతించిన పటమునకును కట్టిన యింటికిని తేడా యున్నదా? బావి, మురుగుతొట్టి ఎంత దూరములో నున్నవి? వీలైనచో వానకాలమున నొకమారు చూడవలెను. వెల్లవేసిన గోడ అబద్ధమాడగలదు గాని వాన అబద్ధమాడదు.

కొందరు దీనికి మూడు ఆక్షేపణలు చెప్పుదురు. ఖర్చు మొదటిది. ఇంటి వెలయందు ఇంజనీరు కూలి యెంతటి భాగము? గృహప్రవేశపు విందునాడు అరటాకులలో మిగిలిపోవు అన్నముపాటి కాదు. మొగమాటము రెండవది, “వారిని శంకించినట్లగును” అందురు. దాచవలసినది లేనివాడు పరీక్షకు బాధపడడు. బాధపడువాని ఇంటిని తప్పక పరీక్షింపవలెను. ముహూర్తము మూడవది, మంచిదినము దాటిపోవునని త్వరపడుదురు. ద్వారము ఏ దిక్కునకున్నదో చూచుటకు దూరమునుండి పండితుని రప్పించి, ఆ ద్వారముపైనున్న దూలము నిలుచునో లేదో చూచుటకు ఎవ్వరిని పిలువకుండుట వరాహమిహిరుని మార్గము కాదు. గొయ్యి త్రవ్వి, నీరు పోసి, ఫలమును కన్నులతో చూచి నిర్ణయింపుమన్న శాస్త్రమది. దాని యక్షరమును పూజించి, దాని బుద్ధిని విడిచితిమి.

కౌటిల్యుడు నలువది కుటుంబముల నెదుట ముమ్మారు అడిగించెను. మనము ఇరుగుపొరుగువారిని, ఇల్లాలిని, ఇంజనీరును, ఒక్కొక్కమారు అడిగినను చాలును. ప్రభుత్వము స్కాట్లండువలె అమ్మువానిచేతనే నివేదిక నిప్పించు నియమమును చేయుట మంచిది. దానికై విద్యావంతులు కోరవలెను. అంతవరకు వేచియుండక, బయానా సొమ్ము తీయుటకు ముందు పరీక్షకుని కూలి తీయుట మన యిండ్లలో ఆచారము కావలెను. క్రయపత్రము ఇంటిని నీ పేర వ్రాయును. నీ పిల్లలు ఆ కప్పు క్రింద నిర్భయముగా నిద్రింపగలరో లేదో దానికి తెలియదు.